కోఎంజి నేలమాళిగ నుంచి తొయొసాతొ బడి దాకా

జపాన్ నుంచి తిరిగొచ్చి రెండు వారాలయింది. చూసినవీ విన్నవీ మనసులో పచ్చిగా ఉండగానే రాసి పెట్టుకోవాలని కూర్చున్నాను. మేము గుళ్ళ కోసమో పూల కోసమో వెళ్ళలేదు. నేను పదిహేడేళ్ళుగా హెవీ సంగీతం (బరువైన గిటారు మోతల రాక్), పంక్ సంగీతం (ముతకగా, వేగంగా సాగే రాక్) వింటున్నాను. మా తమ్ముడు విజయవాడలో చిన్నప్పుడు టీవీలో డ్రాగన్ బాల్ జీ చూసిన రోజుల నుంచీ యానిమే, అంటే జపాన్ కార్టూన్ చిత్రాలు, వదలలేదు. ఇద్దరి మనసూ ఒకే దేశం మీద ఉండటం వల్ల ఈ ప్రయాణం కుదిరింది. బయలుదేరే ముందు ఒక నోటు పుస్తకంలో జపాన్ ఆల్బమ్‌ల గురించి నా అభిప్రాయాలు మొహమాటం లేకుండా రాసుకున్నాను. ఆ సంగీతం పుట్టిన గదుల్లో నిలబడి విన్నాక వాటిలో ఎన్ని నిలుస్తాయో చూడాలన్నది నా కోరిక. పక్క పేజీల్లో తమ్ముడు తన యానిమేల గురించి రాశాడు. 2025 మార్చి 8 నుంచి 14 దాకా తిరిగాం. అప్పటి లెక్కలో 100 యెన్లంటే దాదాపు 59 రూపాయలు.

మార్చి 8, శనివారం: షింజుకు

షింజుకు స్టేషనుకు 200కు పైగా ద్వారాలున్నాయని ముందే చదివినా, తప్పు ద్వారంలోంచి బయటపడితే ఏమవుతుందో అనుభవించాకే తెలిసింది. తూర్పు వైపు వెళ్ళవలసిన మేము పడమర వైపు తేలి, ఎత్తైన ఆఫీసు భవనాల మధ్య నలభై నిమిషాలు చలిలో తిరిగాం. చివరికి ఒక పెద్దాయన తన దారి మానుకుని మమ్మల్ని పట్టాల కింది సొరంగ మార్గం దాకా తీసుకెళ్ళి, అక్కడ తల వంచి సెలవు తీసుకున్నాడు.

రికార్డులు అమ్మే డిస్క్ యూనియన్ వారికి షింజుకులో హెవీ మెటల్‌కు ఒక దుకాణం, పంక్‌కు ఒక దుకాణం వేరువేరుగా ఉన్నాయి. ఒక్కో సంగీతానికి ఒక్కో దుకాణం నడవగల ఊరు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పెరిగిన నాకు, ఆ అరల ముందు నిలబడగానే కాసేపు చేతులు ఆడలేదు. ప్రతి పాత డిస్కు మీదా ఒక చీటీ ఉంటుంది. పాటల కాగితం మీద మరక ఉందనీ, అట్ట మూల నలిగిందనీ, ఓబి లేదనీ ఉన్న లోపాలన్నీ అందులో రాసి ఉంటాయి. ఓబి అంటే డిస్కు అట్టకు కిమోనో నడికట్టులా చుట్టే కాగితపు పట్టీ. కొన్న వెంటనే దాన్ని చించి పారేసేవాళ్ళే ఎక్కువ కాబట్టి, ఓబి మిగిలిన పాత రికార్డు ధర లేనిదానికన్నా బాగా పెరుగుతుంది. రికార్డు కొనేటప్పుడు దుకాణదారు దాన్ని దీపం కిందకు తెచ్చి, రెండు వైపులా వంచి చూపిస్తాడు. గీతలు మనమే చూసుకుని సరేనన్న తరవాతనే సంచీలో పెడతాడు. అమ్మేవాడు తన సరుకు లోపాలు తానే వేలు పెట్టి చూపించడం చూసి నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది.

అక్కడ 780 యెన్లకు ఎక్స్ బృందం 1989 నాటి "బ్లూ బ్లడ్" దొరికింది. ఆ బృందమే తరవాత ఎక్స్ జపాన్ అయింది. నా నోటు పుస్తకంలో దాని గురించి "పియానో ఎక్కువ, నిడివి ఎక్కువ, ఏడుపు ఎక్కువ" అని ఉంది. ఆ రాత్రి గదిలో పాటల కాగితం ముందు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. నిడివి గురించి నా మాట మారలేదు. పియానో గురించి మాత్రం మారింది. యోషికి డ్రమ్ములు వాయించే వేగానికీ పియానో వాయించే మెత్తదనానికీ మధ్య ఎడం తగ్గించడానికి ఆ ఆల్బమ్ ఎక్కడా ప్రయత్నించదు. రెండింటినీ పక్కపక్కన అలాగే నిలబెడుతుంది. ఇన్నాళ్ళూ నేను అతుకు అనుకున్నది నిజానికి ఆ ఆల్బమ్ ప్రాణం.

శనివారం కాబట్టి తమ్ముడు మాంసం, చేప ముట్టడు. కూరగాయల ఉడాన్ (గోధుమ నూడుల్స్) అని బొమ్మ చూసి కూర్చున్నాం కానీ, ఆ పులుసు ఎండబెట్టిన చేప తురుముతో కాచినదని వడ్డించే అమ్మాయి తానే గుర్తుచేసుకుని వచ్చి చెప్పింది. వాడు తెల్లన్నం, పచ్చి తోఫు, ఉప్పులో ఊరవేసిన ఉమె పండుతో సరిపెట్టుకున్నాడు. ఆ పండు కొరకగానే "అక్కా, ఇది అమ్మమ్మ ఉప్పు ఉసిరికాయే" అన్నాడు. ఆ ఒక్క పండు కోసం నా అన్నం కూడా వాడికే ఇచ్చాను.

మార్చి 9, ఆదివారం: కోఎంజి

టోక్యో పంక్ గురించి చదివే ఎవరికైనా కోఎంజి పేరు తగలక మానదు. స్టేషను దిగగానే పట్టాల కింద బొగ్గుల మీద కోడిమాంసం కాల్చే చిన్న దుకాణాలు, వాటిని దాటితే వీధుల నిండా పాత బట్టల కొట్లు. ఒక కొట్టు గోడ మీద జిస్మ్ బృందం పాత చొక్కా 12,000 యెన్లకు వేలాడుతోంది. దాన్ని కొనలేదు కానీ కొట్టతనితో అరగంట మాట్లాడాను. ఫోను అనువాదంతో, చేతులతో మాట్లాడుకున్నాం. జిస్మ్ 1980ల మొదట్లో చేసిన "డెటెస్టేషన్" నాకు ప్రాణం. కింద హార్డ్‌కోర్ పంక్ ముతకగా, మురికిగా పరుగెడుతుంటే, దాని మీద రాండీ ఉచిదా గిటారు శుభ్రమైన హెవీ మెటల్ రాగాలు పలుకుతుంది. పంక్ వాళ్ళూ మెటల్ వాళ్ళూ ఒకరినొకరు దూరం పెట్టిన కాలంలో ఇంత సహజంగా వాటిని కలిపిన ఆల్బమ్ నేను మరొకటి వినలేదు. అది చెప్పగానే కొట్టతను కళ్ళు మూసుకుని, ఆ గిటారు రాగం ఒకటి నోటితో పాడాడు.

సాయంత్రం ఆరున్నరకు ఒక లైవ్ హౌస్‌కు, అంటే బృందాలు వచ్చి వాయించే చిన్న హాలుకు వెళ్ళాం. నిటారైన మెట్లు దిగితే నేలమాళిగలో వందమంది పట్టని గది. టికెట్టు 2,500 యెన్లు. దానికి తోడు పానీయం పేరుతో 600 యెన్లు తప్పనిసరి. నేను మద్యం తాగను కాబట్టి ఆ చీటీకి ఊలాంగ్ టీ తీసుకున్నాను. అంతకుముందు గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: ఈ రోజు ఏ బృందం కోసం వచ్చారు? మాకు ఎవరూ తెలియదు. "అందరి కోసం" అన్నాం. ఆ అమ్మాయి కలం పట్టుకుని ఇబ్బందిగా చూస్తూ ఉండిపోయింది. తరవాత తెలిసింది. అనేక లైవ్ హౌస్‌లలో నోరుమా అనే పద్ధతి ఉంది. ప్రతి బృందం ఇన్ని టికెట్లు అమ్మాలని లెక్క ఉంటుంది. తక్కువైతే మిగిలిన డబ్బు బృందమే తన జేబులోంచి కట్టాలి. అందుకే వచ్చిన ప్రతి మనిషినీ ఎవరో ఒకరి ఖాతాలో రాయాలి. తమ్ముడు గోడ మీది కాగితంలో అక్షరాలు బాగున్నాయని ఒక పేరు మీద వేలు పెట్టాడు. ఆ అమ్మాయి ముఖం తేటపడింది. ఆ పేరు పక్కన రెండు గీతలు గీసింది.

నోటు పుస్తకంలో ది స్టాలిన్ బృందం 1982 నాటి "స్టాప్ జాప్" గురించి "గొంతు తప్ప ఏమీ లేదు, రికార్డింగు చప్పగా ఉంది" అని రాసుకున్నాను. ఆ గాయకుడు ఎందో మిచిరో. వేదిక మీంచి పంది తలలు, పేగులు జనం మీదకు విసిరిన బృందంగానే వాళ్ళ పేరు బయటి దేశాల్లో ఎక్కువగా వినిపిస్తుంది. నా అభిప్రాయంలోనూ ఆ కథల నీడ ఉండి ఉంటుంది. ఆ నేలమాళిగలో మొదటి బృందం మొదలుపెట్టిన క్షణంలో నా పొరపాటు తెలిసింది. పైకప్పు తక్కువ. గోడలు దగ్గర. అంతమంది ఒళ్ళు ధ్వనిని పీల్చేసుకుంటాయి. మోత తిరిగి రాదు. మాట, తీగ, డ్రమ్ము అన్నీ ఎండిపోయినట్టు, ముఖానికి రెండు అడుగుల దూరంలో వినపడతాయి. నేను చప్పదనం అనుకున్నది ఇలాంటి గది ధ్వని. ఇంతకాలం దాన్ని పెద్ద మైదానాల ఇంగ్లీషు రికార్డులతో పోల్చి తక్కువ చేశాను. ఆ ఆల్బమ్‌లో కొన్ని పాటల మాటలు విడుదలకు ముందు మార్చవలసి వచ్చిందని తెలిసి ఉండి కూడా, మారిన మాటల వెనక ఆ గొంతు పడే పెనుగులాటను నేను పట్టించుకోలేదు. ఆ పంక్తిని అక్కడే, మెట్ల మీద కూర్చుని కొట్టేశాను.

ఆ గదిలో మర్యాద గురించి కూడా రాయాలి. ముందు వరుసలో కుర్రవాళ్ళు ఒకరినొకరు గుద్దుకుంటూ గంతులు వేస్తున్నారు. వాళ్ళలో ఎవరైనా కింద పడితే కనురెప్ప పాటులో నాలుగు చేతులు లేపుతున్నాయి. పాట నడుస్తున్నంతసేపూ మాట్లాడేవాళ్ళు లేరు. బృందం ముగించగానే తమ తీగలు, పెట్టెలు తామే సర్దుకుని పది నిమిషాల్లో తరవాతి వాళ్ళకు చోటిచ్చారు. అంత కేకలు వేసిన గాయకుడు దిగిపోయేముందు నడుం దాకా వంగి నమస్కరించాడు. తొమ్మిదిన్నరకల్లా అంతా అయిపోయింది.

బయటకు వస్తుంటే ఒకావిడ మెట్ల దగ్గర మా కోసం ఎదురు చూస్తోంది. తమ్ముడు వేలు పెట్టిన బృందంలో బాస్ వాయించినావిడే. యాభై దాటిన వయసు, నెరిసిన పొట్టి జుట్టు. తమ ఖాతాలో ఇద్దరు భారతీయులు రాసి ఉండటం చూసి కృతజ్ఞత చెప్పడానికి ఆగింది. మాకు సిగ్గు వేసింది. అక్షరాలు చూసి ఎంచుకున్నామని నిజం చెప్పాను. ఆవిడ నవ్వి, ఆ అక్షరాలు తానే రాశానంది. ఆవిడ బల్ల మీద 500 యెన్ల క్యాసెట్లు ఉన్నాయి. ఒకటి కొన్నాను. బ్లూ హార్ట్స్ 1987 ఆల్బమ్ నాకు ఎందుకు ఇష్టమో ఆవిడతో మాట్లాడాక నాకే స్పష్టమైంది. జపనీస్ భాషలో నాలాంటి ఓనమాల దశ విద్యార్థికి కూడా అందేంత చిన్న మాటలతో ఆ బృందం పాడుతుంది. అంత తేలిక మాటలతో అంత గట్టిగా ప్రేమను చెప్పిన పంక్ ఆల్బమ్ మరొకటి నాకు తెలియదు.

మార్చి 10, సోమవారం: షిమోకితజావా

ఈ రోజు తమ్ముడిది. 2022లో వచ్చిన "బొచ్చి ద రాక్!" పన్నెండు భాగాలూ వాడు ఐదు సార్లు చూశాడు. మనుషులతో మాట్లాడలేని ఒక బడిపిల్ల గదిలో ఒంటరిగా గిటారు సాధన చేసి, చివరికి ఒక బృందంలో చేరే కథ అది. కథలోని లైవ్ హౌస్‌కు నమూనా ఇక్కడి షెల్టర్ అనే నేలమాళిగ. మేము వెళ్ళేసరికి వీధికి అవతలి వైపు ఏడెనిమిది మంది నిలబడి, ఒకరి తరవాత ఒకరు మెట్ల ఫొటో తీసుకుని, మాట్లాడకుండా తప్పుకుంటున్నారు. దారికి అడ్డం ఎవరూ నిలబడలేదు.

తమ్ముడు నాకు వివరంగా చెప్పిన సంగతి ఇది. కథలోని నలుగురు అమ్మాయిల ఇంటిపేర్లు గోతో, కిత, యమాదా, ఇజిచి. అవి ఏషియన్ కుంగ్-ఫు జెనరేషన్ అనే నిజమైన బృందంలోని నలుగురి ఇంటిపేర్లు. ఆ బృందం యొకొహామా కనజావా-హక్కె ప్రాంతంలోని విశ్వవిద్యాలయంలో పుట్టింది. కథలోని పిల్ల రోజూ రైల్లో వచ్చేది కూడా ఆ వైపు నుంచే.

మధ్యాహ్నం 1,300 యెన్ల కూర అన్నం ముందు పెట్టుకుని ఇద్దరం వాదించుకున్నాం. షిమోకితజావా కూరలకు పేరుపడిన చోటు. మా ముందుకు వచ్చినది పలచని చారులో పెద్ద పెద్ద వేపుడు కూరగాయల ముక్కలు వేసిన సూప్ కూర. మిరియం ఘాటు ఉంది, చింతపండు పులుపు లోటు తెలుస్తోంది. నా వాదన ఏమిటంటే, పంక్ గురించిన యానిమే అంటే "నానా" అనే చెప్పాలి. యజావా ఐ గీసిన బొమ్మల కథ ఆధారంగా తీసిన ఆ యానిమే 2006లో మొదలై 47 భాగాలు నడిచింది. అందులో పంక్ కేవలం గొలుసులు, తోలు కోట్లు కాదు. పాడటం కోసం ప్రేమించినవాణ్ణి వదులుకున్న ఒక స్త్రీ అహంకారం, ఆకలి, అద్దె డబ్బులు అన్నీ అందులో ఉన్నాయి. తమ్ముడు కూర గిన్నె పక్కకు నెట్టి అన్నాడు: "అక్కా, నానాకు భయం లేదు. నువ్వు మొదటిసారి గిటారు పట్టుకుని కాలేజీలో స్టేజీ ఎక్కి, వాయించకుండా దిగిపోయావు. నీ కథ బొచ్చి కథే." ఆ సంగతి వాడికి గుర్తుందని నాకు తెలియదు. నేను ఎనిమిదో భాగం వరకే చూసి ఆపేశాను. రాత్రి మిగిలిన నాలుగూ చూశాను. బొచ్చికి పూర్తి మార్కులు. ఆ పిల్ల గిటారు తీగ తెగినప్పుడు పక్కనున్న పిల్లలు ఆమెకు సమయం దొరికేలా పాటను సాగదీసే ఘట్టం ఉంది. బృందం అంటే ఏమిటో అంత క్లుప్తంగా చెప్పిన సంగీత యానిమే నేను చూడలేదు.

మార్చి 11, మంగళవారం: నకానో

నకానో బ్రాడ్‌వే 1966లో కట్టిన దుకాణాల భవనం. లోపల పాత బొమ్మల కథల పుస్తకాలు, యానిమే వస్తువులు అమ్మే మందరాకె వారి కొట్లు అంతస్తులంతా పరుచుకుని ఉన్నాయి. తమ్ముడు సెల్ చిత్రాల అర ముందు గంటన్నర కదలలేదు. కంప్యూటర్లు రాకముందు యానిమేలో కదిలే ప్రతి బొమ్మనూ పారదర్శకమైన పలక మీద చేత్తో రంగులు వేసి, ఒక్కొక్కటిగా ఫొటో తీసేవారు. 1988 నాటి "అకీరా" సినిమాకు అలాంటివి లక్షా 60 వేలకు పైగా వేశారు. ఒక సాదాసీదా పాత టీవీ ధారావాహిక సెల్ 2,000 యెన్లకు దొరుకుతుంది. పేరున్నదైతే లక్షల యెన్లు దాటుతుంది. తమ్ముడు కొన్నది 3,300 యెన్ల ఒక ముక్క. దాని మీద ఎవరి ముఖమూ లేదు, ఒక చేయి తలుపు పిడి పట్టుకుని ఉంది, అంతే. వెనక్కి తిప్పితే రంగు గట్లు కట్టి, కుంచె వెళ్ళిన దారి కనిపిస్తుంది.

"అకీరా" మాట వచ్చింది కాబట్టి నా అభిప్రాయం ఇక్కడే రాస్తాను. యానిమే సంగీతంలో అన్నిటికన్నా బరువైన ఆల్బమ్ ఆ సినిమా సంగీతమే. గెయినో యమషిరోగుమి బృందం అందులో బాలి ద్వీపపు వెదురు వాద్యాలు, గామెలాన్ గంటలు, జపాన్ సంప్రదాయ "నో" నాటక గానం, గుంపు గొంతుల ఊపిరి వాడింది. ఎలక్ట్రిక్ గిటారు మీద ఆధారపడకుండానే ఛాతీ మీద రాయి పెట్టినంత భారం పుట్టించింది. హెవీ అంటే గిటారు మోత అనుకునేవాళ్ళకు నేను మొదట వినిపించేది ఆ ఆల్బమే.

రెండున్నర దాటాక భోజనానికి ఒక చిన్న సోబా నూడుల్స్ కొట్లో కూర్చున్నాం. గోడ మీద టీవీ నడుస్తోంది. 2 గంటల 46 నిమిషాలకు టీవీలో అందరూ తలలు వంచారు. 2011లో అదే రోజు, అదే నిమిషానికి తూర్పు తీరంలో భూకంపం వచ్చింది. కొట్టు పెద్దాయన గరిట కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నిలబడి కళ్ళు మూసుకున్నాడు. తింటున్న నలుగురూ చాప్‌స్టిక్‌లు దించారు. మేమూ దించాం. నిమిషం తరవాత ఆయన మళ్ళీ గరిట అందుకున్నాడు.

ఆ పూట నాకు ఎందో మిచిరో గుర్తొచ్చాడు. ఆయన పుట్టింది ఫుకుషిమాలోని నిహొన్‌మత్సులో. పంది పేగులు విసిరినవాడిగా ముద్రపడ్డ ఆ మనిషి, అరవై దాటాక, ఆ భూకంపం తరవాత జరిగిన అణు ప్రమాదంతో తన ప్రాంతం పేరు చెప్పడానికే జనం జంకుతున్న రోజుల్లో, సంగీతకారుడు ఒతొమొ యొషిహిదె, కవి వాగొ ర్యొఇచిలతో కలిసి "ప్రాజెక్ట్ ఫుకుషిమా!" మొదలుపెట్టి, అక్కడే సంగీత ఉత్సవం జరిపాడు. 2019లో చనిపోయాడు. నోటు పుస్తకంలో కొట్టేసిన పంక్తి కింద ఆ రాత్రి ఈ సంగతి రాసుకున్నాను.

మార్చి 12, బుధవారం: షిన్-ఓకుబో

ఈ పేట కొరియా వాళ్ళ దుకాణాలకు పేరుపడింది. పక్క సందుల్లో నేపాలీ, బంగ్లాదేశీ, భారతీయ సరుకుల కొట్లున్నాయి. ఒక కొట్లో కందిపప్పు, కరివేపాకు, ఆవకాయ సీసా చూసి తమ్ముడు చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. అక్కడే 700 యెన్లకు నేపాలీ పప్పు అన్నం తిన్నాం. వడ్డించిన కుర్రాడు మా పళ్ళెం చూసి అడగకుండానే పప్పు మూడుసార్లు పోశాడు.

రాత్రి ఎర్త్‌డమ్ అనే లైవ్ హౌస్‌లో నిదానమైన, భారమైన బృందాల కార్యక్రమం. ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండని అందరికీ చెబుతాను, చెవులు మళ్ళీ రావు. ప్లగ్గులు పెట్టుకున్నా ఆ ధ్వని చెవుల ద్వారా రాదు. అది పక్కటెముకల్లోంచి, పాదాల్లోంచి వస్తుంది. మా నాన్నగారి ఊరి జాతరలో అమ్మవారి ముందు డప్పులు దగ్గరికొచ్చినప్పుడు పొట్టలో కలిగే అదురు గుర్తొచ్చింది. ఆ డప్పుల వేగం వేరు, ఇక్కడి నిదానం వేరు. అయినా ఒళ్ళు ముందు విని మనసు తరవాత వినడం మాత్రం ఒకటే.

నా పుస్తకంలో మొదటి స్థానం బోరిస్ బృందం ముగ్గురు కలిసి 2005లో చేసిన "పింక్"ది. ఆ స్థానం మారలేదు, కారణం మారింది. ఇంతకాలం అందులోని వేగమైన పాటల కోసం విన్నాను. ఆ గదిలో ఒక్క స్వరం వాయించి, అది పూర్తిగా ఆరిపోయేదాకా గిటారు మీద చేయి వేయకుండా నిలబడ్డ ఒక అమ్మాయిని చూశాక, "పింక్"లోని నిదానమైన మొదటి పాటే ఆ ఆల్బమ్‌కు గుండె అని అర్థమైంది. అంత పొగమంచు దాటి వచ్చాం కాబట్టే తరవాతి పరుగుకు అంత వెలుగు. చర్చ్ ఆఫ్ మిజరీ బృందం గురించిన అభిప్రాయం మాత్రం ఎక్కడ నిలబడి విన్నా మారేది కాదు. వాళ్ళ గిటారు నాకు ఎంతో ఇష్టం. నిజమైన హంతకుల జీవితాలను పాటలకు వస్తువుగా తీసుకోవడం ఇష్టం లేదు. చనిపోయినవాళ్ళకూ ఇంటివాళ్ళుంటారు.

మార్చి 13, గురువారం: తొయొసాతొ, దారి తప్పి తగా

షిగా ప్రాంతంలో తొయొసాతొ అనే చిన్న ఊరికి తమ్ముడి కోసం బయలుదేరాం. 2009లో క్యోటో యానిమేషన్ స్టూడియో తీసిన, బడిలో సంగీత బృందం కట్టిన అమ్మాయిల కథ "కె-ఆన్!"లోని బడికి నమూనా అయిన భవనం అక్కడుంది. హికోనెలో ఎక్కిన ఓమి రైల్లో అలాగే కూర్చుంటే సరిపోయేది. తకామియాలో రైలు మారాలని నేను పొరబడి తమ్ముణ్ణి దించాను. ఎదురుగా ఉన్న రెండు పెట్టెల రైలు ఎక్కితే అది తగా గుడి దగ్గర ఆగిపోయింది. తిరుగు రైలుకు చాలా సమయం ఉంది. గుడి ముందు కొట్లో ఇతొకిరి మోచి అమ్ముతున్నారు. తెల్లని బియ్యప్పిండి ముద్ద మీద ఎరుపు, నీలం గీతలు, లోపల తీపి ఎర్ర బొబ్బర్ల ముద్ద. కత్తి వాడకుండా దారంతో కోయడం వల్లనే దానికి ఆ పేరు. కొట్టులోని ముసలావిడ దారం ఎలా వేస్తారో వేళ్ళతో చూపించింది. మన పూర్ణం మెత్తగా, చల్లగా ఉన్నట్టుంది. ఆ పొరపాటు చేయకపోతే ఆ రుచి తెలిసేది కాదు.

తొయొసాతొ బడిని 1937లో ఆ ఊళ్ళోనే పుట్టిన ఒక వ్యాపారి సొంత డబ్బుతో కట్టించాడు. నమూనా గీసింది అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన వోరీస్. మెట్ల పిడిగోడ మీద కంచు తాబేలు, కంచు కుందేలు ఉన్నాయి. కింద ఇద్దరూ కలిసి బయలుదేరతారు, మధ్యలో కుందేలు నిద్రపోతుంది, పై మెట్టు దగ్గర తాబేలు ఒక్కటే ఉంటుంది. పిల్లల చేతులు తగిలి తగిలి తాబేలు వీపు మెరుస్తోంది. 2000ల మొదట్లో ఈ భవనాన్ని కూల్చాలని పాలకులు పూనుకుంటే ఊరివాళ్ళు అడ్డుపడి నిలబెట్టుకున్నారు.

ప్రవేశానికి రుసుము లేదు. మూడో అంతస్తులోని గదిలో యానిమేలో ఉన్నట్టే బల్లలు కలిపి, టీ కప్పులు, పళ్ళాలు అమర్చి ఉంచారు. నల్లబల్ల నిండా వచ్చినవాళ్ళు గీసిన బొమ్మలు. మేము వెళ్ళేసరికి ఒక నడివయసు మనిషి ఒక్కడే కూర్చుని గిటారు మీటుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి, కుర్చీలు సరిచేసి, మాకు చోటిచ్చి వెళ్ళిపోయాడు.

"టీ తాగడం ఎక్కువ, వాయించడం తక్కువ" అన్నది ఈ యానిమే గురించి నా పాత ఫిర్యాదు. తమ్ముడు ఆ గదిలో కిటికీ దగ్గర నిలబడి, ఈ కథకు దర్శకురాలు యమాదా నఓకో అనీ, ధారావాహికకు దర్శకత్వం వహించడం ఆమెకు ఇదే మొదటిసారి అనీ చెప్పాడు. పిల్లల కాళ్ళు, చేతివేళ్ళు, కుర్చీలో కూర్చునే తీరు చూడమని ఫోనులో ఒక భాగం పెట్టాడు. చూశాను. తమకు ఈ గదిలో కొన్ని నెలలే మిగిలాయని తెలిసినవాళ్ళు కూర్చునే తీరది. ఆ టీ అంతా మిగిలిన సమయాన్ని నిదానంగా ఖర్చు పెట్టుకోవడమే. బృందాన్ని చూసుకునే సౌమ్యమైన టీచరమ్మ ఒకప్పుడు డెత్ డెవిల్ అనే హెవీ మెటల్ బృందంలో కేకలు పెట్టిన మనిషి కావడం కూడా ఇప్పుడు నాకు కొత్త అర్థంతో కనిపించింది. నెమ్మదిగా మాట్లాడే మనుషులందరిలో ఆ కేక ఎక్కడో ఉందని, కోఎంజి నేలమాళిగలో నమస్కరించిన గాయకుణ్ణి చూసినప్పుడే నాకు తోచింది.

2019 జూలై 18న ఒక దుండగుడు క్యోటో యానిమేషన్ భవనానికి నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు. సందర్శకుల పుస్తకంలో తమ్ముడు తెలుగులోనే నాలుగు పంక్తులు రాశాడు. నన్ను చదవనివ్వలేదు. ఊరి వీధుల్లో, పిల్లలు రోడ్డు మీదకు ఉరుకుతారు జాగ్రత్త అని చెప్పే చెక్క బొమ్మలను ఆ యానిమేలోని అమ్మాయిల రూపంలో చేసి నిలబెట్టారు. స్టేషను దాకా వాటిని లెక్కపెడుతూ నడిచాం.

మార్చి 14, శుక్రవారం: ఒసాకా

ఒక్క పూటే ఉన్నాం. లౌడ్‌నెస్ అనే హెవీ మెటల్ బృందం 1981లో ఈ నగరంలోనే పుట్టింది. షోనెన్ నైఫ్ అనే పంక్ బృందం పుట్టిందీ అదే ఏడు, ఇదే నగరంలో. లౌడ్‌నెస్ 1985 నాటి "థండర్ ఇన్ ద ఈస్ట్" అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 74వ స్థానం దాకా వెళ్ళింది. తకాసాకి అకీరా గిటారు నాకు గొప్పగా అనిపిస్తుంది, పాటలు మాత్రం అమెరికా శ్రోత కోసం చదును చేసినట్టుంటాయి. ఒసాకా గాలి పీల్చినా ఈ మాట వెనక్కి తీసుకోలేను. తక్కువ తీగలతో, తిండి గురించీ పిల్లుల గురించీ పాడుకునే షోనెన్ నైఫ్‌లోనే నాకు ఈ ఊరు వినపడుతుంది.

950 యెన్ల ఓకొనొమియాకి తిన్నాం. క్యాబేజీతో మందంగా పోసిన అట్టు అది, పైన తీపి సాసు. పెనం వెనక నిలబడ్డావిడ మేము మాట్లాడుకునే భాష విని, ఏ భాష అని అడిగింది. తెలుగు అనగానే అట్లకాడ పైకెత్తి "రామ్! భీమ్!" అంది. 2022లో ఆర్ఆర్ఆర్ అక్కడ విడుదలైనప్పుడు నాలుగుసార్లు చూసిందట. ఎంత వద్దన్నా డబ్బుల్లో 100 యెన్లు తగ్గించింది.

విజయవాడ వచ్చాక, కోఎంజిలో కొన్న క్యాసెట్ వినడానికి ఇంట్లో యంత్రం లేదని గుర్తొచ్చింది. నాన్నగారు అటక మీంచి ఘంటసాల క్యాసెట్లు విన్న పాత టేప్ రికార్డరు దింపి, కొత్త బెల్టు వేయించి ఇచ్చారు. మొదటి వైపు ఆరు పాటలు. రికార్డింగు ఎండిపోయినట్టు, గోడలు దగ్గరగా ఉన్నట్టు ఉంది. మూడో పాటలో బాస్ తీగ ఒకచోట తప్పు పడి, తడుముకుని మళ్ళీ అందుకుంటుంది. నాన్నగారు కుర్చీ దగ్గరకు లాక్కుని, పాటలైపోయేదాకా కూర్చుని, "ఈవిడ వయసెంత?" అని అడిగారు. తమ్ముడు చెప్పాడు. ఆయన క్యాసెట్ పెట్టె తీసుకుని, దాని మీది చేతిరాత అక్షరాలను చాలాసేపు చూశారు. రెండో వైపు వచ్చే ఆదివారం అందరం ఇంట్లో ఉన్నప్పుడు వింటాం.